ఎన్ని దిళ్ళు?

మన దగ్గర చావు కాగితాలు తిరగేస్తే జనమంతా ఒకే జబ్బుతో పోతున్నారనిపిస్తుంది: ‘కార్డియో రెస్పిరేటరీ అరెస్ట్’. గుండె ఆగింది, ఊపిరి ఆగింది. పాము కరిచినా, లారీ గుద్దినా చివరికి ఆగేవి ఆ రెండే కదా! అది పోయిన తీరే గాని పోవడానికి కారణం కాదు. ఆస్పత్రులు నింపే ఫారం 4లోనే ఆ మాట ఉంది. అయినా అర్ధరాత్రి డ్యూటీలో ఉన్న డాక్టరుకు అదే తేలిక.

గుండె, ఊపిరితిత్తుల రక్తనాళాల జబ్బుల మీద పరిశోధన చేసేచోట ఆఫీసు చూసుకునేవాడికి మొదటి తలనొప్పి ఇదే. నేను డాక్టర్ని కాను. గ్రాంట్లు, ఎథిక్స్ కమిటీ మీటింగులు, రక్త నమూనాల ఫ్రీజరు, దాని జనరేటరుకు డీజిలు, ఇవీ నా పనులు. వీటన్నిటికంటే ముందు, ఎవరు దేనితో పోయారో తెలియాలి.

ఆ పని గోదావరి జిల్లాల్లో ఒకసారి పద్ధతిగా జరిగింది. బైర్రాజు ఫౌండేషన్, హైదరాబాద్ కేర్ ఫౌండేషన్, సిడ్నీ జార్జ్ ఇన్‌స్టిట్యూట్ వంటి సంస్థలు కలిసి 45 ఊళ్ళలో, 1,80,162 మంది జనాభాలో ఏడాదిపాటు చావులు లెక్కగట్టాయి. మొత్తం 1,354. ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ వెళ్ళి, పోయినవాళ్ళకు చివరి రోజుల్లో ఏమైందో అడిగి రాసుకొచ్చారు. వాటిని చదివి డాక్టర్లు కారణం తేల్చారు. 2006లో అచ్చయిన ఆ ఫలితాల్లో 32 శాతం గుండె, రక్తనాళాల జబ్బులే. అంటురోగాలు 12 శాతం. గుండెపోటు పట్నవాసపు డబ్బున్నోళ్ళ జబ్బన్న నమ్మకం అక్కడితో చెదిరింది. పేరు పరిశోధకులకు వచ్చింది, న్యాయమే. నాకు మాత్రం ఆ 1,354 గడపలు ఎక్కిన కార్యకర్తల మీదే గురి.

ఆ అడగడం ఎంత కష్టమో మా నెల్లూరు తీరంలో చూశాను. ఊపిరితిత్తుల్లో నీరు చేరినవాళ్ళు వెల్లకిలా పడుకోలేరు, తల ఎత్తు పెట్టుకుంటారు. అందుకే ఫారంలో ‘ఎన్ని దిళ్ళు వేసుకునేవారు?’ అని ఒక గడి. మా కార్యకర్త అమ్మాయి అడిగితే ఒక ఇంటి పెద్దామె, “దిళ్ళు యాడుండాయమ్మా మాకు? గోడకానుకోని కూర్చోనే నిద్రపొయ్యేవాడు” అంది. జబ్బేమిటో ఆ ఒక్క మాటలోనే తెలిసిపోయింది. గడిలో మాత్రం అంకె వెయ్యాలి. పాపం, ఆ పిల్ల సున్నా వేసుకొచ్చింది. కంప్యూటర్ లెక్కలో సున్నా అంటే ఆయాసం లేనట్టే! ఫారం మార్చాలంటే మళ్ళీ ఎథిక్స్ కమిటీకి వెళ్ళాలి. వెళ్ళాం.

కాలం లెక్క కూడా తీరానిదే. పడవ మీద పనిచేసే మగవాళ్ళను ఆస్పత్రి టైముకు రమ్మంటే ఎట్లా వస్తారు? ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. ఆ 61 రోజులే మా పరీక్షల కాలం, ఎండలు ఎంత మండినా. చిన్నప్పుడు గొంతునొప్పి, కీళ్ళవాపులతో మొదలై మైట్రల్ కవాటం ఇరుకైపోయినవాళ్ళ సంగతి వేరు. రక్తం వెనక్కి నిలిచి ఊపిరితిత్తుల నాళాల్లో ఒత్తిడి పెరుగుతుంది, బావి నుంచి బిందె తెచ్చేసరికి ఆయాసం. జబ్బు ముదరకుండా 21 రోజులకోసారి పెన్సిలిన్ సూది, ఏళ్ళ తరబడి. మందు ఖరీదైంది కాదు. 22వ రోజున ఎవరు రాలేదో చూసి ఫోన్ చేసే మనిషి ఉన్నాడా లేదా అన్నదే అక్కడ వైద్యం. నన్నడిగితే గుండె పరిశోధనా కేంద్రానికి ఎకో మిషన్ కంటే ముందు కొనాల్సింది రిజిస్టరే.

పరిశోధనకు ఒప్పుకుంటున్నామని జనం పెట్టే సంతకం విషయంలో మాత్రం నేను మొండివాణ్ణి. 2009లో ఖమ్మం జిల్లాలో ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకా వేసిన ప్రాజెక్టు మన కళ్ళముందే జరిగింది. తల్లిదండ్రులు చెయ్యాల్సిన చోట హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టిన ఫారాలు 2,763 అని పార్లమెంటరీ కమిటీ లెక్క తేల్చింది. టీకా మంచిదే కావచ్చు, ఆ వాదన వేరు. ఇంటిపెద్ద వేలిముద్ర వేస్తే ఇంట్లో అందరూ ఒప్పుకున్నట్టే అనుకోవడం మాకూ అలవాటే. అందుకే కోడలి సంతకం కోడలినే, మామగారు లేనప్పుడు అడగమంటాను. రెండోసారి వెళ్ళాల్సి వస్తుంది, ఖర్చు పెరుగుతుంది.

ఆ ఖర్చే ఎవరికీ పట్టదు. మిషన్ కొంటామంటే గ్రాంటు కమిటీ తల ఊపుతుంది. ఆటో చార్జీలు అనేసరికి ఆడిటర్ రసీదులు అడుగుతాడు. ఇసకపల్లి నుంచి అల్లూరుకు షేర్ ఆటో ఎక్కి, దిగేటప్పుడు రసీదు ఇవ్వవయ్యా అని ఆయన్నే ఒకసారి అడిగి చూడమనండి.