కాలి బొటనవేలి నుంచి నాలుక దాకా

మనిషికి మనిషి మీద మనసు కలగడాన్ని ఆరు గీతల్లో చెప్పమంటే ఎవరైనా కళ్లతో మొదలుపెడతారు, లేదా గుండెతో. చైనావాళ్ల ప్రాచీన ప్రశ్నగ్రంథం యీజింగ్ మాత్రం కాలి బొటనవేలితో మొదలుపెట్టింది. ఐ చింగ్ అన్న పేరుతో మనవాళ్లకు ఎక్కువగా తెలిసిన పుస్తకం ఇదే. ఇందులో 64 బొమ్మలున్నాయి, ఒక్కో దానికి ఆరేసి అడ్డగీతలు. గీత నిండుగా ఉంటే యాంగ్, నడుమ తెగి ఉంటే యిన్. తొలి 30 బొమ్మల భాగం ఆకాశంతో, భూమితో మొదలవుతుంది. తక్కిన 34 బొమ్మల భాగాన్ని తెరిచేది 31వ బొమ్మ షియెన్. అది వలపు బొమ్మ. జోస్యం కోసం పుట్టిన రచనల్లో ఇంత పొందికైన పనితనం నేను ఇంకెక్కడా చూడలేదు.

గీతలను మూడేసి చొప్పున పేరిస్తే ఎనిమిది గుర్తులు వస్తాయి. ఆ ఎనిమిదింటినీ పాత వ్యాఖ్యానం ఒక కుటుంబంగా చూసింది. మూడూ నిండు గీతలైతే తండ్రి, మూడూ తెగినవైతే తల్లి. రెండు తెగిన గీతలతో ఒక్క నిండు గీత ఉంటే కొడుకు. రెండు నిండు గీతలతో ఒక్క తెగిన గీత ఉంటే కూతురు. బొమ్మను కింది నుంచి పైకి చదవాలి కాబట్టి ఆ ఒంటరి గీత అడుగున ఉంటే పెద్దబిడ్డ, మధ్యన ఉంటే నడిమిబిడ్డ, పైన ఉంటే కడగొట్టు. ఎక్కువగా ఉన్న గీతలను పక్కనపెట్టి, విడిగా నిలిచిన ఒక్క గీతను బట్టి స్వభావం తేల్చడం ఎంత సూక్ష్మమైన ఆలోచనో! ఇంట్లో పిల్లలను ఎరిగిన తల్లి కూడా అలాగే చూస్తుంది.

షియెన్‌లో కడగొట్టు కొడుకు కింద, కడగొట్టు కూతురు పైన. అబ్బాయిది కొండ, నిలకడ అతని గుణం. అమ్మాయిది సరస్సు, సంతోషం ఆమె గుణం. అబ్బాయి తగ్గి కిందికి రావడమే ఇక్కడ వలపుకు మొదలని వ్యాఖ్యానం చెబుతుంది. గీతల పొత్తు కూడా చూడాలి. ఒకటో గీతకు నాలుగోది జత, రెండోదానికి అయిదోది, మూడోదానికి ఆరోది. జతలో ఒకటి యిన్, ఒకటి యాంగ్ అయితే పొత్తు కుదిరినట్టు. షియెన్‌లో మూడు జతలూ కుదిరాయి. మొత్తం 64లో అలా కుదిరే బొమ్మలు ఎనిమిదే.

పెళ్లి పొంతనకు మనం ఇద్దరి జన్మనక్షత్రాలూ అడుగుతాం. చైనాలో కూడా పుట్టిన ఏడు, నెల, రోజు, వేళలను బట్టి ఎనిమిది అక్షరాల జాతకం కట్టే పద్ధతి ఉంది. యీజింగ్‌కు పుట్టిన రోజుతో పని లేదు. అడిగిన మనిషి ఈ బంధంలో ఇప్పుడు ఎక్కడ నిలబడ్డాడో అది చూస్తుంది. అందుకే ఒకే వలపుకు ఆరు చోట్లు, ఆరు స్వభావాలు.

అడుగు గీత బొటనవేలు. కోరిక పుట్టింది, అడుగు ఇంకా పడలేదు. మంచిదని గాని చెడ్డదని గాని పుస్తకం తీర్పు ఇవ్వదు. రెండోది పిక్క. నడవబోతే పాదం లేవకముందే కదిలేది అదే. ఇది తొందరపాటు మనిషి చోటు. కదిలితే కీడు, ఉన్నచోట ఉంటే మేలు. మూడోది తొడ. కాలు ఎటు పోతే అటు పోవడం తప్ప తొడకు సొంత దారి లేదు. ఎదుటివాళ్ల వెంట పడిపోయేవాడి చోటు ఇది. అలా వెళ్తే సిగ్గుపడాల్సి వస్తుందంటుంది.

తర్వాత రావలసింది గుండె. సరిగ్గా అక్కడ అవయవం పేరు మాయమవుతుంది. మిగతా అయిదు గీతల్లోనూ ఒంటి భాగాలున్నాయి, నాలుగో గీతలో లేవు. ఇటూ అటూ పోతూ వస్తూ ఉండే కుదురులేని మనసు, ఆ తలపుల వెంట వచ్చే స్నేహితులు, అంతే. 11వ శతాబ్దపు పండితుడు ఛెంగ్ యీ (1033–1107) ఇది గుండె చోటేనని గుర్తించి, మనసు కలగడమంటేనే గుండె గనక విడిగా పేరు పెట్టలేదన్నాడు. ఆ మాట నిజమే అనిపిస్తుంది. ఈ గీత రాసినవాళ్లెవరో గాని, ఎక్కడ చెప్పకూడదో తెలిసినవాళ్లు.

అయిదోది వీపు కండ. పశ్చాత్తాపం ఉండదని మాత్రమే హామీ. ఆరోది దవడలు, బుగ్గలు, నాలుక. ఇక్కడా తీర్పు లేదు. వలపు మాటల్లోకి వచ్చేసిందని చెప్పి పుస్తకం ఊరుకుంటుంది.

ఇదే బొమ్మను తలకిందులు చేస్తే 32వ బొమ్మ హెంగ్ వస్తుంది. అది దాంపత్యం. కడగొట్టు పిల్లల చోట పెద్దకొడుకు, పెద్దకూతురు వస్తారు. మూడు జతలూ అలాగే కుదిరి ఉంటాయి, అయితే ఇప్పుడు పైన ఉన్నది మగవాడు. ప్రేమించేటప్పుడు తగ్గినవాడు పెళ్లయ్యాక పైకెక్కడాన్ని ఆనాటి చైనా ధర్మమనుకుంది. నేను అనుకోలేను. అయినా ఆ రెండు దశలను ఒకే ఆరు గీతలతో, ఒక్క తిప్పుతో చూపించిన నేర్పును కాదనలేను.

ఏ గీత మనదో తేల్చేవి యారో మొక్క ఎండు కాడలు. కాడలతో అడిగేవాళ్లు ఈనాడు ఎక్కువగా వాడేది 12వ శతాబ్దంలో పండితుడు జూ షీ స్థిరపరచిన పద్ధతి. 50 కాడల్లో ఒకటి పక్కన పెడతారు. మిగిలిన 49ని చూడకుండా రెండు కట్టలుగా విడదీసి, ఒక కాడను వేళ్ల సందున ఉంచి, రెండు కట్టల్నీ నాలుగేసి చొప్పున లెక్కించి, మిగిలినవి తీసేస్తారు. ఇలా మూడుసార్లు చేస్తే చేతిలో 36, 32, 28, 24 కాడల్లో ఏదో ఒకటి మిగులుతుంది. నాలుగుతో భాగిస్తే 9, 8, 7, 6. ఒక గీత తేలినట్టు. 7, 9 యాంగ్; 6, 8 యిన్. వీటిలో 9, 6 కదిలే గీతలు, అంటే తమ ఎదురు గీతగా మారేవి. ఆరు గీతలకు 18 సార్లు ఈ పని చేయాలి.

మారిన గీతతో వచ్చే కొత్త బొమ్మను కూడా చదువుతారు. షియెన్‌లో పిక్క గీత మారితే 28వ బొమ్మ, వాలిపోతున్న నడికప్పు దూలం. నాలుక గీత మారితే 33వది, వెనుకంజ. గుండె గీత మారితే 39వది, అడ్డంకి. అక్కడ వ్యాఖ్యానం ఇచ్చే సలహా ఎదుటివారిని తప్పుపట్టకుండా తనవైపు తిరిగి తనను దిద్దుకోమని.

కాడల లెక్క కట్టి చూస్తే 16 అవకాశాల్లో 6కు ఒకటి, 9కి మూడు, 7కు అయిదు, 8కి ఏడు. యిన్, యాంగ్ చెరిసగం వస్తాయి. కాని వచ్చిన యాంగ్ గీత కదిలే అవకాశం ఎనిమిదిలో మూడు, యిన్ గీత కదిలే అవకాశం ఎనిమిదిలో ఒకటే. షియెన్‌లో తొడ, గుండె, వీపు యాంగ్. బొటనవేలు, పిక్క, నాలుక యిన్. కాబట్టి ఈ బొమ్మలో గుండె గీత నాలుక గీత కంటే మూడు రెట్లు తేలికగా కదులుతుంది. త్వరగా అయిపోతుందని ఇప్పుడు చాలామంది వాడే మూడు నాణేల పద్ధతిలో ఈ తేడా ఉండదు. అక్కడ ఏ గీతకైనా కదిలే అవకాశం నాలుగులో ఒకటే. వలపు గురించి అడగదలచినవారు ఓపిక చేసుకుని కాడలతోనే అడగాలి.