పాఠకుడి మీద పడిన పని: పాత బ్రౌజర్లలో ప్లగిన్లు, తెలుగు పుటలు

కంప్యూటర్ పాఠాల్లో ఒక సాఫ్ట్‌వేర్‌ను ఎలా వాడాలో చెబుతాం. అది ఎవరికి అనుకూలం, దాని భారం ఎవరి మీద పడింది అని అడిగేది తక్కువ. బ్రౌజర్ పనిచేసే తీరు మీకు ఇప్పటికే పరిచయం కాబట్టి ఈ భాగంలో ఆ ప్రశ్నలు వేద్దాం. సుమారుగా 2000 నుంచి 2010 వరకు తెలుగు పాఠకులు తమ బ్రౌజర్లలో పెట్టుకోవలసి వచ్చిన ప్లగిన్లను, పొడిగింతలను ఉదాహరణగా తీసుకుందాం. ఒక కథను విమర్శించేటప్పుడు కథకుడు పాఠకుణ్ణి ఎవరని ఊహించుకున్నాడో చూస్తాం కదా. ఒక పనిముట్టును కూడా అలాగే చూడవచ్చు.

ముందు రెండు మాటల అర్థం స్పష్టం చేసుకోవాలి. ప్లగిన్ అంటే బ్రౌజర్ స్వయంగా చూపలేని ఒక రకం ఫైలును దాని తరఫున చూపే బయటి ప్రోగ్రామ్. 1996లో వచ్చిన నెట్‌స్కేప్ నావిగేటర్ 2.0 ఈ ఏర్పాటును ప్రాచుర్యంలోకి తెచ్చింది. ఆ పద్ధతికే ఎన్‌పీఏపీఐ అని పేరు. మైక్రోసాఫ్ట్ అదే ఏడాది ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 3లో యాక్టివ్‌ఎక్స్ అనే వేరే దారి పట్టింది. పుటలో ఒక చతురస్రం ప్లగిన్‌కు అప్పగిస్తే, ఆ చతురస్రం లోపల జరిగేదంతా దాని ఇష్టం. పొడిగింత అలా కాదు. అది స్క్రిప్టు సాయంతో బ్రౌజర్ నడవడికనే మారుస్తుంది, మీరు తెరిచిన పుటలోని అక్షరాలను సైతం మార్చగలదు. మొదటిది బొమ్మ, పాట, వీడియోల కోసం. రెండోది పుట మీదే చేయి వేయడానికి.

ఇప్పుడు మీరు సంగంలో ఉన్నారని, సంవత్సరం 2003 అని అనుకుందాం. ఇంట్లో కంప్యూటర్ లేదు. నెల్లూరుకు పోయే రోడ్డు మీద ఒక ఇంటర్నెట్ సెంటర్‌లో గంటకు ఇంత అని ఇచ్చి కూర్చున్నారు. లైను టెలిఫోన్ తీగ మీద నడిచే 56 కేబీపీఎస్ మోడెమ్‌ది. రాగా వంటి సైటులో పాట నొక్కితే అది రియల్‌ప్లేయర్ కావాలంది. ప్రోగ్రామ్ 10 ఎంబీ ఉందనుకోండి. మోడెమ్ తన పూర్తి వేగంతో లాగినా సెకనుకు 7 కేబీ వస్తుంది, అంటే 24 నిమిషాలు. నిజానికి ఆ వేగం ఎప్పుడూ అందదు. ఐదు నిమిషాల పాట కోసం అరగంటకు పైగా డబ్బు కట్టి, మధ్యలో లైను తెగితే మళ్లీ మొదటికి రావాలి.

ఇంతా చేసి దిగిన ఫైలును నడపబోతే విండోస్ నిర్వాహక ఖాతా కావాలంటుంది. ఆ ఖాతా సెంటర్ యజమానిది. ఆయన ఒప్పుకొని పెట్టినా, కొన్ని సెంటర్లలో యంత్రం మళ్లీ మొదలుపెట్టగానే పాత స్థితికి వచ్చేలా ఏర్పాటు ఉండేది. నిన్న మీరు పెట్టుకున్నది ఈ రోజు ఉండదు. పుటలో కనిపించే చిన్న సందేశం మాత్రం ఎప్పుడూ ఒకటే: ఈ పుటలోని మీడియా అంతా చూడాలంటే మరిన్ని ప్లగిన్లు కావాలి, పెట్టుకోండి. ఫైర్‌ఫాక్స్‌లో ఇది పుట పైన పసుపుపచ్చ పట్టీగా వచ్చేది. వాక్యంలో తప్పేమీ లేదు, మర్యాదగానే ఉంది. కానీ అది మాట్లాడుతున్నది సొంత యంత్రం, తీరిక, అధికారం మూడూ ఉన్న మనిషితో. మీతో కాదు.

పెట్టుకునే పద్ధతి కొంచెం తెలిసి ఉంటే విమర్శకు పనికొస్తుంది. విండోస్ ఫైర్‌ఫాక్స్‌లో ప్లగిన్ అంటే సాధారణంగా ‘ఎన్‌పీ’ అక్షరాలతో మొదలయ్యే పేరున్న ఒక డీఎల్‌ఎల్ ఫైలు, ప్లగిన్ల ఫోల్డర్‌లో ఉండేది. లినక్స్‌లో ఫ్లాష్ ఫైలును వాడుకరి తన సొంత ఫోల్డర్‌లోనే పెట్టుకోవచ్చు, నిర్వాహకుణ్ణి అడగనక్కర్లేదు. ఇది చిన్న తేడాలా కనిపిస్తుంది గానీ ఉమ్మడి యంత్రం మీద పనిచేసేవాడికి పెద్దది. చిరునామా గడిలో ‘అబౌట్:ప్లగిన్స్’ అని కొడితే ఏ ప్లగిన్ ఏ రకం ఫైళ్లను తనవని చెప్పుకుంటోందో జాబితా వచ్చేది. ఒకే రకాన్ని రెండు ప్లగిన్లు నాదంటే నాదని పట్టుకోవడం కూడా అక్కడే బయటపడేది. క్విక్‌టైమ్‌కు ఈ పేచీ బాగా అలవాటు. సినిమా చూపడానికి వచ్చి, అడగకుండానే టిఫ్ బొమ్మల పెత్తనం కూడా తీసుకునేది.

టిఫ్ మాట రావడం తెలుగు పాఠకుడికి యాదృచ్ఛికం కాదు. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పథకం కింద హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ వంటి కేంద్రాల్లో వేలాది తెలుగు పుస్తకాలను స్కాన్ చేశారు. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడైన రాజ్ రెడ్డి ఈ ఆలోచన వెనుక ఉన్న ముఖ్యుల్లో ఒకరు. ఆయన చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టినవారు. గ్రంథాలయాల్లో శిథిలమైపోతున్న ప్రతులు నిలిచాయంటే ఆ పథకం పుణ్యమే. దాన్ని తక్కువ చేసి మాట్లాడడం న్యాయం కాదు. అయితే పుస్తకాన్ని పాఠకుడి ముందు పెట్టిన తీరు వేరే సంగతి. పుటకు ఒక టిఫ్ ఫైలు. స్కాన్ చేసేవారికి, భద్రపరచేవారికి టిఫ్ మంచి రూపమే. ఆనాటి ఫైర్‌ఫాక్స్, ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ దాన్ని తమంతట తాము చూపలేవు. చదవాలంటే ప్లగిన్ కావాలి, ఒక్కో పుటా విడిగా దిగాలి. మూడు వందల పుటల నవలకు మూడు వందల నిరీక్షణలు.

ఇక్కడ మనం చేసే ఆక్షేపణ ఇది: దాచేవాడికి అనువైన రూపాన్నే చదివేవాడికీ ఇచ్చారు. మార్చి ఇచ్చే పని ఒక్కసారి సర్వర్ దగ్గర జరిగితే సరిపోయేది. అది జరగనందువల్ల ప్రతి పాఠకుడూ తన యంత్రంలో ఆ పని చేసుకోవలసి వచ్చింది. తర్వాత అవే స్కాన్లలో చాలా భాగం ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోకి చేరి పీడీఎఫ్‌గా, బ్రౌజర్‌లోనే తిప్పి చదివే పుస్తకంగా మారాయి. కాగితం అదే, స్కాన్ అదే.

ఇక అసలు విషయానికి వద్దాం. పాట లేకపోయినా పుట చదవవచ్చు. అక్షరమే ప్లగిన్ మీద ఆధారపడితే?

యూనికోడ్‌లో తెలుగుకు 1991 నుంచే చోటు ఉంది. కానీ దాన్ని సరిగ్గా చూపే ఏర్పాటు మామూలు వాడుకరి యంత్రంలోకి విండోస్ ఎక్స్‌పీ తోనే, గౌతమి ఫాంటుతో వచ్చింది. అంతకు ముందే వెబ్‌లోకి వచ్చిన ఈనాడు, వార్త వంటి పత్రికలు అప్పటికి అందుబాటులో ఉన్న దారినే పోయాయి. ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలు కూర్చిన సొంత ఫాంట్లు వాడాయి. ఆ ఫాంటు ఉంటే వార్త కనిపిస్తుంది. లేకపోతే అర్థం లేని ఇంగ్లీషు గుర్తుల కలగూరగంప. ఫాంటును పుటతోపాటే దింపే ‘డైనమిక్ ఫాంట్’ పద్ధతులు రెండు ఉండేవి. నెట్‌స్కేప్ 4లో బిట్‌స్ట్రీమ్ వారి ట్రూడాక్, ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లో మైక్రోసాఫ్ట్ వారి ఈఓటీ. 2004లో వచ్చిన ఫైర్‌ఫాక్స్ 1.0కు ఈ రెండూ తెలియవు. పుటతోపాటు ఫాంటు దింపుకోవడం దానికి 2009లో, 3.5తో గానీ రాలేదు. అందుకే చాలాకాలం తెలుగు వార్త చదవాలంటే ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ తప్పనిసరి అన్నట్టు ఉండేది.

పత్రికలను ఇందుకు నిందించవచ్చా? మొదటి నాలుగైదు ఏళ్లకు నిందించలేం. వేరే దారి లేదు, వాళ్లు ఆగి ఉంటే తెలుగు వార్త వెబ్‌లోకి ఆలస్యంగా వచ్చేది. దారి వచ్చిన తర్వాత కూడా ఏళ్ల తరబడి పాత ఫాంట్లను పట్టుకుని కూర్చోవడం మాత్రం విమర్శకు లోబడేదే.

ఎందుకంటే ఆ పద్ధతి అక్షరాన్ని చూపింది, ఇవ్వలేదు. ‘శ్రీ’ని తీసుకోండి. యూనికోడ్‌లో అది మనం పలికే వరసలోనే ఉంటుంది: శకారం, పొల్లు, రకారం, ఆపైన ఈకారం. పాత ఫాంట్లలో చాలావాటికి పలుకుబడితో పని లేదు. కంటికి ఏది ఎడమన ఉంటే అది ముందు. క్రారవడి ఎడమ నుంచి చుట్టుకుని వస్తుంది కాబట్టి అదే మొదట, తర్వాత శకారపు ముక్క. పైగా ఒక పత్రిక ఫాంటులో ‘క’ ఉన్న స్థానంలో మరో పత్రిక ఫాంటులో ఇంకేదో ఉండేది. ఫలితం ఊహించండి. మీరు ‘సంగం ఆనకట్ట’ అని వెతికితే వెతుకుడు యంత్రానికి ఆ పత్రికల్లో ఒక్క వార్త కూడా దొరకదు. వార్త ఉంది, పుట ఉంది, ఆ మాట మాత్రం అందులో లేదు. ఒక వాక్యం కోసి మిత్రుడికి ఈమెయిల్ పంపితే అతనికి చేరేది గుర్తుల మూటే. ఆనాటి సైట్ల సహాయ పుటలు ఫాంటు దింపుకోవడం ఎలాగో ఓపికగా చెప్పేవి. దింపుకున్నాక కూడా పాఠకుడికి ఏమి దక్కదో చెప్పేవి కావు.

ఈ లోటుకు జవాబుగా వచ్చింది ‘పద్మ’. వెన్న నాగార్జున రాసిన మొజిల్లా పొడిగింత ఇది. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియాకు శ్రీకారం చుట్టింది కూడా ఆయనే. పద్మలో ఒక్కో ఫాంటుకు ఒక్కో పట్టిక ఉంటుంది, ఏ స్థానంలో ఏ ముక్క ఉందో అది చెబుతుంది. మీరు జాబితాలో చేర్చిన సైటు తెరవగానే స్క్రిప్టు ఆ పుటలోని ముక్కలను ఏరి, పలుకుబడి వరసలో పేర్చి, యూనికోడ్‌గా మార్చి చూపుతుంది. మీ యంత్రంలో ఒక్క యూనికోడ్ ఫాంటు ఉంటే చాలు. ఎంచి కోసుకుంటే నిజమైన తెలుగు వస్తుంది. తర్వాత ఇతర భారతీయ లిపులకూ దాన్ని విస్తరించారు.

పద్మను మెచ్చుకోవడానికి కారణం దాని నైపుణ్యం ఒక్కటే కాదు. మిగతా ప్లగిన్లన్నీ ప్రచురణకర్త తరఫున పాఠకుడి యంత్రంలోకి వచ్చాయి. పద్మ పాఠకుడి తరఫున ప్రచురణకర్త పుటలోకి వెళ్లింది. ఒక్కసారి పెట్టుకుంటే అనేక పత్రికలకు పనిచేసింది. ఈ తేడాను గట్టిగా పట్టుకోండి, పరీక్షలో రాసినా రాయకపోయినా.

దోషాలు లేవా? ఉన్నాయి. పత్రిక తన ఫాంటు మారిస్తే పట్టిక మారాలి, అంటే ఎవరో ఒకరు తీరిక చేసుకుని కూర్చోవాలి. మార్పు మీ తెర మీద జరుగుతుంది గానీ అసలు పుట మారదు, వెతుకుడు యంత్రానికి అది ఇంకా గుర్తుల మూటే. అన్నిటికంటే ముఖ్యం, దీనివల్ల లాభపడినవాడు ఫైర్‌ఫాక్స్ పెట్టుకోగలిగినవాడు. సంగం సెంటర్‌లో పరాయి యంత్రం ముందు కూర్చున్న మీకు పద్మ కూడా దూరమే.

ఇక్కడ కాసేపు ఆగి మీ నోటు పుస్తకంలో పది పంక్తులు రాయండి: పుటను మార్చగల పొడిగింత మీ బ్యాంకు పుటను కూడా మార్చగలదా? మార్చగలిగితే, దాన్ని నమ్మడానికి మీ దగ్గరున్న ఆధారం ఏమిటి?

మీ జవాబు ఏదైనా, ఫైర్‌ఫాక్స్ ఆ ప్రశ్నను పట్టించుకున్న తీరు చూడదగ్గది. పొడిగింత పెట్టుకునే పెట్టె తెరుచుకోగానే ‘ఇన్‌స్టాల్’ మీట వెంటనే పనిచేసేది కాదు. కొన్ని సెకన్లు లెక్కపెట్టి అప్పుడు వెలిగేది. చాలామంది దీన్ని నస అనుకున్నారు. అసలు కారణం వేరు. మోసపు సైటు మీచేత గబగబా రెండుసార్లు నొక్కించి, ఆ రెండో నొక్కు సరిగ్గా ఈ మీట మీద పడేలా చేయగలదు. ఆ ఎడమే పాఠకుడికి రక్ష. తెలియని సైటు పొడిగింత పెట్టబోతే ముందు ఆపి, అనుమతి అడిగేది కూడా. యాక్టివ్‌ఎక్స్‌కు విండోస్ ఎక్స్‌పీ సర్వీస్ ప్యాక్ 2తో, అంటే 2004లో, ఇలాంటి పట్టీ వచ్చింది. అప్పటిదాకా ఒక ‘ఎస్’ నొక్కుతో పరాయి ప్రోగ్రామ్ యంత్రమంతా తిరగగలిగేది.

తర్వాతి కథ త్వరగా చెప్పవచ్చు. క్రోమ్ 2015 సెప్టెంబరులో ఎన్‌పీఏపీఐని తీసేసింది. ఫైర్‌ఫాక్స్ 2017 మార్చిలో ఫ్లాష్ ఒక్కదాన్ని ఉంచి మిగతావి ఆపింది. అదే ఏడాది నవంబరులో వచ్చిన 57లో పాత తరహా పొడిగింతలన్నీ పోయాయి, పద్మ పాత రూపం సహా. ఫ్లాష్ 2020 డిసెంబరు 31తో ముగిసింది. వీడియో, పాట, ఫాంటు బ్రౌజర్‌లోనే కలిసిపోయాయి. పత్రికల సైట్లు యూనికోడ్‌కు మారాయి.

అయినా పని పూర్తిగా పాఠకుడి మీదినుంచి దిగిందని అనుకోకండి. 2017 జూలై నుంచి జీఎస్‌టీ వచ్చింది. డిజిటల్ సంతకంతో రిటర్ను పెట్టాలంటే ఈఎమ్‌సైనర్ అనే ప్రోగ్రామ్‌ను మీ యంత్రంలో విడిగా పెట్టుకుని, అది నడుస్తుండగా బ్రౌజర్ తెరవాలి. బ్రౌజర్ లోపలి ప్లగిన్‌కు తలుపు మూశాక అదే పని పక్క గదిలోకి చేరింది. మీలో ఎవరైనా రైసుమిల్లులోనో దుకాణంలోనో లెక్కలు రాస్తూ చదువుకుంటుంటే ఇది మీకు నాకంటే బాగా తెలుసు. ఈసారి ఆ ప్రోగ్రామ్ సహాయ పుట తెరిచినప్పుడు సూచనలను పాటించే ముందు ఒకసారి పాఠ్యంగా చదవండి. నిర్వాహక ఖాతా ఉన్నదని అది ఎన్నో వాక్యంలో అనుకుంటోందో గుర్తుపెట్టండి. అది విఫలమైతే ఎవరిని అడగాలో చెప్పిందా, చెబితే ఏ భాషలో చెప్పిందో కూడా రాసుకోండి. ఈ భాగానికి సంబంధించిన అసైన్‌మెంటు అదే.