పూతకు ముందే

సికింద్రాబాద్‌లోని మా కార్ఖానా పేటలో ఖాళీ జాగా ఎక్కడున్నా తొలకరి పడ్డాక నెల తిరిగేసరికి నడుమెత్తు వయ్యారిభామ లేస్తుంది. దారిన పోయేవాళ్లకు అది పచ్చదనం. అలాంటి చోట మీటరు పొడవు, మీటరు వెడల్పు చట్రం నేల మీద పరిచి, లోపల ఏయే మొక్కలు ఎన్నెన్ని ఉన్నాయో లెక్కపెట్టి రాసుకోవడం నా వృత్తి. మోకాళ్ల మీద వంగి చూస్తే తెలుస్తుంది: వయ్యారిభామ కమ్ముకున్నచోట గరిక, ఉత్తరేణి, పల్లేరు పలచబడిపోతాయి. దానిలోని పార్థెనిన్ అనే రసాయనం పక్క విత్తనాల మొలకను అణచేస్తుంది. మనుషులకు దద్దుర్లు, ఆయాసం తెస్తుంది.

ఈ ధ్యాస నాకు కడప జిల్లాలో పట్టుకుంది. 1877లో అప్పటి అటవీ శాఖ వంటచెరకు కోసం తెప్పించిన ఒక పరదేశి చెట్టు విత్తనాలను కమలాపురం దగ్గర నాటించింది. ఆ చెట్టును తెలంగాణలో సర్కారు తుమ్మ అంటారు, మాకది కంపచెట్టు. మా అవ్వ పొయ్యి దాంతోనే మండేది. మేకలు తియ్యటి కాయలు తిని, పెంటికల్లో గింజల్ని పొలాలకు మోసేవి. వంకలూ చెరువుకట్టలూ కంపతో మూసుకుపోయాయి. ఒకే చెట్టు ఇంటికి ఆసరా కావడం, పొలాన్ని మింగడం రెండూ చూశాను కాబట్టి, పరాయి మొక్క అనగానే పగబట్టే మాట నాకు నచ్చదు. మనం రోజూ తినే మిరపకాయ కూడా సముద్రం దాటి వచ్చిందే. వచ్చాక ఏం చేస్తోందన్నదే చూడాలి.

కార్ఖానాకు పెద్ద దూరం కాని బాలానగర్‌లో జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం ఉంది. అక్కడి శాస్త్రవేత్త సి. సుధాకర్ రెడ్డి 2008లో ప్రచురించిన జాబితాలో, మన దేశంలో అదుపు తప్పి అల్లుకుపోతున్న పరదేశి మొక్కలు 173. వాటిలో నాలుగింట మూడు వంతుల దాకా ఉష్ణమండల అమెరికావే. మొక్కల చదువులోకి కొత్తగా వచ్చే పిల్లలకు ముందు ఆ జాబితా చదవమని చెబుతాను.

వాతావరణ మార్పు ఈ లెక్కలోకి ఎలా వస్తుందో ఒక పురుగు చెబుతుంది. వయ్యారిభామను పుణేలో 1950ల నడుమ గుర్తించారు. దాన్ని తినే చారల పెంకుపురుగును మెక్సికో నుంచి తెచ్చి 1984లో బెంగళూరులో వదిలారు. వానాకాలంలో అది ఆకుల్ని జల్లెడ చేసేస్తుంది. పొడి నెలల్లో మట్టిలోకి దూరి నిద్రపోతుంది. వయ్యారిభామకు కాలంతో పనిలేదు, తడి దొరికితే ఎప్పుడైనా మొలుస్తుంది. మార్చిలో అకాల వాన పడితే మొక్క లేస్తుంది, దాని శత్రువు ఇంకా మట్టిలోనే ఉంటుంది. వానలు ఇలా గతి తప్పేకొద్దీ మొక్కకు ఒంటరిగా పెరిగే వారాలు ఎక్కువవుతాయి. గాలిలో పెరుగుతున్న బొగ్గుపులుసు వాయువు దానికి మరో బలం. వేడెక్కడం అంటే మనకు ఉష్ణోగ్రత అంకెలే గుర్తొస్తాయి. జీవాల మధ్య ఇలా వేళలు తప్పిపోవడమే నన్ను ఎక్కువగా కలవరపెడుతుంది.

పురుగు లేని ఆ వారాల్లో ఆ పని మనుషులే చేయాలి. ఒక్క మొక్క వేల గింజలు రాలుస్తుంది కాబట్టి పూతకు ముందే పీకాలి. వాన వెలిశాక, నేల తడిగా ఉన్నప్పుడు, చేతులకు తొడుగులు వేసుకుని వేరుతో సహా లాగండి. ఖాళీ అయిన చోట తగిరిస గింజలు చల్లండి, అది గుబురుగా పెరిగి వయ్యారిభామను లేవనివ్వదు. పూత వచ్చినవాటిని మాత్రం పికెట్ నాలాలో పారేయకండి. ఆ నీళ్లు గింజల్ని మోసుకుంటూ హుస్సేన్ సాగర్‌లో కలుస్తాయి.