‘అప్పురం?’ అంటే ‘ఆ తర్వాత?’

పుదుచ్చేరి ఉప్పళంలో మేముండేది మేడ మీద వాటా. ఉప్పళం అంటే ఉప్పు మడి. ఇప్పుడు మడులు లేవు. ఇందిరా గాంధీ స్టేడియం ఉంది, అంబేద్కర్ సాలై మీద హారన్లు ఉన్నాయి. ఉప్పు మాత్రం గాలిలో మిగిలింది. ఏడాదికోసారి కిటికీ చువ్వలకు తుప్పు గీకి రంగు వేయకపోతే చేతికి ఎర్రగా అంటుతుంది.

కింద ఇంటావిడ ఉంటుంది. తమిళావిడ. ‘అక్కా’ అని పిలుస్తాను, రెండు భాషలకూ సరిపోతుంది. ఆవిడ భర్త పోయి అప్పటికి ఏడాది కావస్తోంది. ఒక సాయంత్రం డాబా మీద ఎండిన వడియాలు గుడ్డ మీంచి ఒలుస్తూ అడిగింది: “అర్ధరాత్రి దాకా నీ గదిలో లైటు ఆరదు. ఏం చదువుతావు?”

తెలుగు నవలలు అన్నాను. ఎవరు రాసినవి అంది. ఆడవాళ్ళు రాసినవి అన్నాను. ఆవిడ ముఖం వెలిగింది. ఆవిడ రమణిచంద్రన్ అభిమాని. తమిళంలో వందకు పైగా ప్రేమ నవలలు రాసిన మనిషి రమణిచంద్రన్. ఆమె పుస్తకం చేతికొస్తే అక్క పప్పు మాడబెడుతుంది. “మీ భాషలో అలాంటివి ఏమున్నాయో చెప్పు” అంది. ఆవిడకు తెలుగు రాదు. నాకు తమిళం మాట్లాడటం వచ్చు, రాయడం రాదు. కాబట్టి పుస్తకం చేతిలో పెట్టి చదువుకోమనే దారి లేదు. కథ నోటితో చెప్పాల్సిందే.

నేను యానాం మనిషిని. అక్కడికీ పుదుచ్చేరికీ మధ్య 800 కిలోమీటర్లకు పైగా దూరం. ఈ రెండు ఊళ్ళకూ ఫ్రెంచివాళ్ళు కట్టిన ముడి వాళ్ళు వెళ్ళిపోయినా ఊడలేదు కాబట్టి ఉద్యోగం ఇక్కడికి తెచ్చింది. మా ఇంట్లో నవలలంటే అమ్మ కుట్టిన బైండు పుస్తకాలే. వారపత్రికలో సీరియల్ పేజీలు చింపి, వరస పెట్టి, దబ్బనంతో దారం కుట్టి, పైన క్యాలెండర్ అట్ట అంటించేది. పేజీ వెనక తలనూనె ప్రకటనో, రాశిఫలాలో ఉండేవి. ఒక యద్దనపూడి సీరియల్లో ఒక వారం లేదు. ఆ వారం పత్రికను ఎవరో తీసుకెళ్ళి తిరిగివ్వలేదట. చదువుతూ చదువుతూ అక్కడికొచ్చి ఆగిపోతే, వంటింట్లోంచి అమ్మ ఆ వారం కథ చెప్పేది. చాలా ఏళ్ళకు అచ్చు పుస్తకం కొని చూశాను. అమ్మ చెప్పినదానికీ అందులో ఉన్నదానికీ పొంతనే లేదు. అమ్మ చెప్పిందే బాగుంది.

మొదట ‘సెక్రటరీ’ చెప్పాను. యద్దనపూడి సులోచనారాణి 1960ల మధ్యలో ‘జ్యోతి’ మాసపత్రికలో రాసిన నవల. 1976లో సినిమా అయింది. ఈ నవలను వెక్కిరించడం తెలుగులో పెద్ద కష్టం కాదు. ఆరడుగుల హీరో, పడవలాంటి కారు, చేతిలో సిగరెట్టు, ఆ రాజశేఖరం. నేనూ కాలేజీలో వెక్కిరించినదాన్నే. తమిళంలో చెప్పబోతే ఒక సంగతి బయటపడింది. రాజశేఖరాన్ని ఎంత వర్ణించినా అక్క ఊఁ కొట్టి ఊరుకుంది. అలాంటివాళ్ళు రమణిచంద్రన్ దగ్గర బోలెడుమంది ఉన్నారట. జయంతి ‘వనితా విహార్’లో ఉద్యోగంలో చేరడం దగ్గర మాత్రం “అప్పురం?” అంది. జీతం తీసుకునే ఆడపిల్ల, జీతమిచ్చేవాడి ముందు తల వంచనంటుంది. ప్రేమ ఉందని చదివేవాళ్ళకు ఎప్పుడో తెలుసు. ఆలస్యం చేసేది ఆత్మాభిమానం. ప్రతి నెలా ఒక మాట పడటం, ఒక మాట అనడం, తలుపు వేసుకోవడం. యద్దనపూడి పనితనమంతా ఆ ఆలస్యంలో ఉంది. ప్రేమించాడా లేదా అన్న ప్రశ్నతో నాలుగు నెలలు కూడా నడవదు. ‘నన్ను చులకన చేశాడా?’ అన్న ప్రశ్నతో ఏడాది నడుస్తుంది.

‘అప్పురం?’ అంటే ‘ఆ తర్వాత?’ సీరియల్ అంతా ఆ ఒక్క మాట మీద నిలబడ్డ సరుకు. కుక్కర్ మూడో విజిల్ వేసేసరికి నేను ఆపాలి. ఎక్కడ ఆపితే ఆవిడ రేపు మళ్ళీ మెట్లెక్కి వస్తుందో నాలుగు రోజుల్లో నాకే పట్టుబడింది. ఏడుపు దగ్గర ఆపకూడదు. ఏడుపు మనిషిని తృప్తి పరిచి పంపేస్తుంది. గడప దగ్గర ఆపాలి. జయంతి లోపలికి వెళ్తుందా, వెనక్కి తిరుగుతుందా అన్నచోట.

అక్కడే నాకు ఒక అనుమానం మొదలైంది. మన ఆడవాళ్ళ నవలల్లో ప్రేమ, ఎడబాటు, మళ్ళీ మొదలు అన్నీ మనుషుల మధ్య కంటే ఎక్కువగా ఇళ్ళ మధ్య జరుగుతాయి. యద్దనపూడి ‘మీనా’నే చూడండి. తల్లి ఆజ్ఞలు నడిచే ఇంటి నుంచి పల్లెలో మేనత్త ఇంటికి వెళ్ళడమే అక్కడి కథ. విజయనిర్మల 1973లో సినిమా తీసింది. 2016లో వచ్చిన ‘అ ఆ’లోనూ ఆ ఎముకలే. కట్టుకునే బట్ట, తినే తిండి, పడుకునే చోటు మారాక గానీ మీనాకు తనకేం కావాలో తెలియదు. ప్రియుడు ఆ తర్వాతి సంగతి.

ఈ అనుమానాన్ని గట్టి చేసింది డాక్టర్ పి. శ్రీదేవి. 1929లో పుట్టి, 1961లో పోయారు. రాసిన ఒకే ఒక్క నవల ‘కాలాతీత వ్యక్తులు’. 1957లో ‘తెలుగు స్వతంత్ర’లో సీరియల్‌గా మొదలైంది, 1963 నాటి ‘చదువుకున్న అమ్మాయిలు’ సినిమాకు ఆధారం, సినిమా చూసి నవల తెలిసిందనుకుంటే మాత్రం మోసపోయినట్టే. విశాఖపట్నంలో ఒక ఇల్లు. పై గదిలో మెడిసిన్ చదివే ప్రకాశం. కింది వాటాలో ఇందిర, చూపు లేని తండ్రి. తండ్రిని పోషించేది ఇందిరే. ఆ ఇంట్లోకి కళ్యాణి వస్తుంది. మెత్తని పిల్ల, తండ్రిని పోగొట్టుకుని ఒంటరిదైన పిల్ల.

మామూలు రచయిత చేతిలో కళ్యాణి నాయిక, ఇందిర విలన్. శ్రీదేవి అలా వదల్లేదు. ఇందిరకు కావాల్సినవి ఉన్నాయి, వాటిని దాచుకోదు, మంచిదనిపించుకోవాలన్న తాపత్రయం లేదు. ప్రకాశానికి వెన్నెముక లేదు; మేనమామ గద్దిస్తే వంగిపోతాడు. ఇందిర అతన్ని కోరుకుంటుంది, అతనెంతటివాడో అందరికంటే ముందు కనిపెట్టేదీ ఆమే. చివరికి కృష్ణమూర్తిని ఎంచుకుంటుంది. చదువు మీద కంటే సరదాల మీద మనసున్న స్నేహితుడు. గొప్ప ప్రేమేం కాదు. కళ్ళు తెరిచి చేసుకున్న ఏర్పాటు. రచయిత్రి శిక్షా వేయలేదు, పూలదండా వేయలేదు. 1957లో అది చిన్న ధైర్యం కాదు. నన్నడిగితే తెలుగులో ‘మళ్ళీ మొదలుపెట్టడం’ గురించి ఇంత పొడిగా, ఇంత నిజంగా రాసిన నవల ఇంకోటి లేదు. ఎవరికైనా ఒక్కటే చెప్పమంటే ఇదే చెబుతాను.

కథ చెప్పడానికి ఎనిమిది సాయంత్రాలు పట్టింది. ఆ ఇంటి మెట్లే అందులో సగం పని చేస్తాయి. ఎవరు పైకెక్కారు, ఎవరు కిందికి రాలేదు, ఎవరి అడుగుల చప్పుడు ఎవరు విన్నారు. తండ్రికి చూపు లేదు కాబట్టి ఆ ఇంట్లో చప్పుడుకు విలువెక్కువ. నేను పైనా, ఆవిడ కిందా ఉండటం వల్లేమో, అక్కకు ఆ మెట్ల లెక్క నాకంటే బాగా అర్థమైంది. తమిళంలో లక్ష్మి అనే రచయిత్రి కూడా డాక్టరేనని చెప్పింది. అసలు పేరు త్రిపురసుందరి, దక్షిణాఫ్రికాలో చాలా కాలం ఉండి రాసింది. డాక్టర్లు ఏడిపించరు, గాయం కడిగి కట్టు కట్టి పంపిస్తారు అంది అక్క. ఈ మాట ఏ విమర్శకుడి దగ్గరా నేను వినలేదు.

‘బలిపీఠం’ చెప్పాలా వద్దా అని రెండు రోజులు తటపటాయించాను. రంగనాయకమ్మ 1960ల మొదట్లో రాసిన ఈ నవలలో అరుణ చిన్నతనంలోనే వితంతువు, జబ్బు మనిషి. పోయేలోగా బొట్టుతో పోవాలని ఆమె కోరిక. దళితుడైన భాస్కర్ ఆ కోరిక తీర్చడానికి పెళ్ళి చేసుకుంటాడు. పోతుందనుకున్న మనిషి బతుకుతుంది. బతికాక బ్రాహ్మణ పుట్టింటి గర్వం కూడా లేచి కూర్చుంటుంది. కొత్త జీవితం దొరికినా పాత ఇంటిని తలలో మోసుకొచ్చిన మనిషి కథ ఇది. చదివేవాళ్ళ చేయి నిమిరే నవల కాదు. అరుణ మీద కోపం వస్తుంది, జాలి వేస్తుంది, మళ్ళీ కోపం వస్తుంది. బొట్టు సంగతి వచ్చినప్పుడు అక్క చేయి నుదుటి మీదికి వెళ్ళి ఆగింది. ఆ రోజు ‘అప్పురం?’ అనలేదు. వడియాల డబ్బా మూత పెట్టి దిగిపోయింది. అప్పుడే భర్తను పోగొట్టుకున్నవాళ్ళకు ఏ పుస్తకం ఎప్పుడు చెప్పాలో తెలియకపోవడం నా తప్పు, నవలది కాదు.

మూడు రోజుల తర్వాత ఆవిడే వచ్చింది. ఈసారి చిన్నవి చెప్పు అంది. పి. సత్యవతి ‘ఇల్లలకగానే’ చెప్పాను. ఇల్లలకగానే పండుగ కాదు అన్న మన సామెత తమిళంలోకి తేవడానికి పది నిమిషాలు తంటాలు పడ్డాను. కథ మాత్రం ఒక్క దెబ్బకు వెళ్ళింది. ఇల్లు అలకడంలో మునిగిపోయిన ఇల్లాలు ఒకరోజు తన పేరు మర్చిపోతుంది. పనిమనిషికి ఆమె అమ్మగారు, పిల్లలకు అమ్మ, భర్తకు పేరుతో పనే లేదు. పేరు వెతుక్కుంటూ పుట్టింటి ఊరు వెళ్తే, చిన్నప్పటి స్నేహితురాలు చూడగానే ‘శారదా’ అని పిలుస్తుంది. ఇంతే. సత్యవతి నేర్పు ఎక్కడుందంటే, ఆ ఇల్లాలికి ఏ అన్యాయమూ జరగలేదు. కొట్టేవాళ్ళు లేరు, తిట్టేవాళ్ళు లేరు. అలికిన గచ్చు అద్దంలా మెరుస్తూ ఉంటుంది. పోయిందేమిటో కథ చివరిదాకా తెలియకపోవడమే ఆ కథలోని నష్టం. అబ్బూరి ఛాయాదేవి ‘బోన్సాయ్ బ్రతుకు’లో చేసింది కూడా ఇలాంటి పనే: చెల్లెలు కుండీలో మురిపెంగా పెంచిన చెట్టును అక్కకు చూపిస్తుంది, అక్కడి నుంచి ఆడదాని బతుకు కనిపిస్తుంది. ఈ తరానికి ఎదుటివాళ్ళ తెలివి మీద ఎంత నమ్మకమో అనిపిస్తుంది. తర్వాత వచ్చిన కొన్ని నవలల్లో పాత్రలు నిలబడి ఉపన్యాసాలిస్తాయి, పేర్లెందుకులెండి.

ఓల్గా దగ్గర ఉపన్యాసం అసలు లేదనను. 1987 నాటి ‘స్వేచ్ఛ’లో అరుణ గొంతు వెనక రచయిత్రి గొంతు వినిపిస్తూనే ఉంటుంది, దాని అవసరం అప్పుడుంది కూడా. ‘విముక్త’కు వచ్చేసరికి ఆమె మౌనం నేర్చింది. 2015లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చిన కథల సంపుటి అది. రాముడు వదిలేసిన సీత అడవిలో శూర్పణఖను కలుస్తుంది. ముక్కు కోసిన తర్వాత శూర్పణఖ ఏమైందని ఎవరైనా అడిగారా? తోట వేసుకుంది. తన అందం పోయాక ఇంకో అందాన్ని చేత్తో పెంచుకుంది. ఒకే ఇంటివాళ్ళ వల్ల దెబ్బతిన్న ఇద్దరాడవాళ్ళు పూలమొక్కల మధ్య కూర్చుని మాట్లాడుకోవడం, రామాయణం తెలిసినవాళ్ళకు ఆ దృశ్యం చాలు.

అక్కకు కంబన్ రామాయణం బాగా తెలుసు. శూర్పణఖ తోట అనగానే “ఏం మొక్కలు?” అంది. పూలమొక్కలు అన్నాను. “సముద్రం దగ్గరా, దూరమా? ఉప్పు గాలికి అన్నీ బతకవు” అంది.

పరదేశపు నవలలను తెలుగువాళ్ళకు కథలుగా విప్పి చెప్పిన మాలతీ చందూర్ గుర్తొచ్చింది నాకు. మద్రాసులో కూర్చుని ‘స్వాతి’ మాసపత్రికలో ఏళ్ళ తరబడి ఆ పని చేసింది. ఇంగ్లీషు రాని ఎంతమంది ఇల్లాళ్ళో ఆమె చెప్పినంత మేరకే ఆ నవలలు చదివారు, చాలనుకున్నారు. నేను ఎదురు దిశలో, ఒక్క శ్రోతకు, వడియాల మధ్య చెబుతున్నాను. చెబుతుంటే వాక్యాల సొగసు పోతుంది, హీరోల సూట్లు పోతాయి. గడపలు, మెట్లు, అలికిన నేల, కుండీలో చెట్టు మిగులుతాయి.

మొన్న అక్క మళ్ళీ పైకొచ్చింది. శూర్పణఖ గురించి కాదు, ఇందిర గురించి. ఎన్నాళ్ళుగా ఆలోచిస్తోందో తెలియదు.

“ఆ ప్రకాశం పై గదికి అద్దె ఎంత ఇచ్చేవాడు?”

నాకు గుర్తు లేదు. ఇంటి ఓనరు అడగాల్సిన ప్రశ్న, ఇంతకుముందే ఎలా అడగలేదో అని నవ్వాను. ఆవిడ నవ్వలేదు. కింద ముందు గది, భర్త కూర్చున్న గది, ఏడాదిగా తాళం వేసి ఉంది. దాన్ని అద్దెకివ్వాలనుకుంటోందట. ఎవరైనా ఉద్యోగం చేసుకునే ఆడపిల్ల దొరికితే.

నా పుస్తకం యానాంలో ఉండిపోయింది. అమ్మకు ఫోన్ చేశాను. కళ్ళజోడు వెతుక్కుని చూసి చెబుతానంది. పది నిమిషాల తర్వాత తనే చేసింది. మొదటి పేజీ తీసి, మొదటి నుంచీ చదువుతున్నానని, అద్దె సంగతి రేపు చెబుతానని పెట్టేసింది.