రైలులో ఒంటరివాడు : పార్వతీశము, మిష్కిన్

తెలుగు నవలలలోని హాస్యమును గూర్చి ప్రసంగము వచ్చినప్పుడెల్ల మొక్కపాటి నరసింహశాస్త్రిగారి 'బారిష్టరు పార్వతీశము' మొదట స్మరింపబడుచుండును. 1924లో ప్రథమభాగము వెలువడినది మొదలు నేటివరకు పాఠకులు దానిని చదివి నవ్వుచునే యున్నారు. ఈ నవ్వునకు మూలము పల్లెటూరివాని యజ్ఞానమని సాధారణముగా చెప్పుదురు. ఈ నిర్ణయము సగము మాత్రమే సత్యమని మా యభిప్రాయము. ఎరుగని నగరమునకు రైలులో ఒంటరిగా పోవువానిని చిత్రించిన మరియొక నవలను దీని ప్రక్క నుంచి చూచినచో తక్కిన సగము తేటపడును. అది 1868-69 సంవత్సరములలో ప్రకటితమైన దొస్తయేవ్‌స్కీ నవల 'ఇడియట్'. ఒకదానిపై నొకదాని ప్రభావము కలదని మేమనుట లేదు; సన్నివేశసామ్యమే మాకు ప్రమాణము.

పూర్వము మనవారి దూరప్రయాణము సమూహప్రయాణము. 1830-31లో కాశీయాత్ర చేసిన ఏనుగుల వీరాస్వామయ్యగారు పల్లకిలో, పరివారముతో వెడలిరి. అట్టి యాత్రికుని వెంట ఆయన గౌరవమును నడచును. రైలుబండి ఈ స్థితిని మార్చినది. టిక్కెట్టు కొన్న ప్రతివాడును పెట్టెలో ఎక్కవచ్చును. ప్రక్కవాని ఊరుపేరులు తెలియవు. స్వగ్రామమువారు తనకు కట్టిన విలువ స్టేషనులోనే నిలిచిపోవును. ఇక మనుష్యుని వెల అతని వేషమును బట్టియు మాటను బట్టియు నిర్ణయింపబడును. నవ్వు పుట్టుట కిదియే తావు.

దొస్తయేవ్‌స్కీ నవల రైలుపెట్టెలోనే ఆరంభమగును. నవంబరు మాసాంతమున, పొగమంచులో, వార్సా నుండి వచ్చు బండి ఉదయము తొమ్మిది గంటలవేళ పీటర్స్‌బర్గును సమీపించుచుండును. మూడవ తరగతి పెట్టెలో మిష్కిన్ రాకుమారుడు చలికి వణకుచు కూర్చుండియుండును. నాలుగేండ్లకు పైగా స్విట్జర్లాండులో చికిత్స పొంది వచ్చుచున్న యాతని కా నగరము క్రొత్తది. చేతులు లేని పెద్ద అంగీ రష్యాచలికి చాలదు. ఉన్న సామానెల్ల చేతిలోని చిన్న మూట. ఎదుట కూర్చున్న రొగోజిన్ పరిహాసముగా అడిగిన ప్రతి ప్రశ్నకు నాతడు నెమ్మదిగా, దాపరికము లేక బదులు చెప్పును. రోగము కుదిరినదా యన్నచో కుదురలేదనును. నవ్వినవారితో తానును నవ్వును.

పార్వతీశము ప్రయాణమును చూతము. మొగలితుర్రు నుండి ఇంటివారికి చెప్పకయే బయలుదేరి, నిడదవోలులో మద్రాసు రైలెక్కును. ఈ మార్గము తాడేపల్లిగూడెము, ఏలూరుల మీదుగా, కొల్లేటిసీమకు ఉత్తరముగా బెజవాడ చేరును. ఆ ప్రాంతము వారికిది నిత్యపరిచితమైన దారి. అయినను పార్వతీశమునకు పరదేశము మార్సేల్సులో గాక నిడదవోలులోనే ఆరంభమైనది. అపరిచితత్వమునకు కొలత మైళ్లు కావనుట కిదియే నిదర్శనము. మద్రాసులో స్త్రీలు ధరించు టోపీని ఎరుగక కొని పెట్టుకొనుట సుప్రసిద్ధము. మిష్కిన్ అంగీ యెట్టిదో ఈ టోపీ యట్టిది.

భరతుడు వికృతవేషాలంకారములను హాస్యమునకు విభావములుగా చెప్పెను. తాను నవ్వుట ఆత్మస్థమనియు, ఇతరుని నవ్వించుట పరస్థమనియు విభజించెను. అంగీయు టోపీయు ఈ లక్షణమునకు సరిపోవును. కాని లక్షణము సరిపోయినంత మాత్రమున విచారణ ముగియదు. పార్వతీశము కథను తానే చెప్పుచున్నాడు. టోపీ సంగతి చెప్పుమని ఆతనిని నిర్బంధించిన వారెవరును లేరు. తనకు తలవంపులు తెచ్చినదానిని ఒక్కటియు దాచక చెప్పగలవాడు కేవలము అజ్ఞుడు కాడు. అజ్ఞాన మాతనికి పరిస్థితి, అకుటిలత్వము స్వభావము. మనము నవ్వునది మొదటిదానికి, ఆతనిని విడువలేక పోవునది రెండవదానికి.

1868 జనవరిలో వ్రాసిన యొక లేఖలో దొస్తయేవ్‌స్కీ సంపూర్ణసజ్జనుని చిత్రించుటకంటె కష్టమైన పని లేదనియు, డాన్ క్విక్సోటు హాస్యాస్పదుడగుట వలననే హృద్యుడైనాడనియు భావించెను. ఈ సూత్రము మన నవలకును వర్తించును. భేదము ఫలితమందున్నది. నాడు పెట్టెలో మంచి కోటు తొడిగింతునని ఆహ్వానించిన రొగోజినే పిమ్మట మిష్కిన్‌పై కత్తి యెత్తును. తుదకు మిష్కిన్ మరల రోగములో మునిగిపోవును. ఆ నగరము సరళుని భరింపలేదు. పార్వతీశము మాత్రము ఎడింబరోలో చదువుకొని బారిష్టరై మరలివచ్చును. ఇచ్చట నవ్వు ఎవరిని చంపదు, నేర్పును. తరువాతి భాగములలో హాస్యము పలుచబడినదన్నచో, నాయకుడు లోకరీతి నేర్చుకొనుటయే దానికి హేతువు; అది రచయిత శక్తిలోపము కాదు.

నేడు తెలుగు విద్యార్థులు వైద్యవిద్యకై రష్యా నగరములకే పోవుచున్నారు. భాష తెలియని స్టేషనులో పెట్టె ప్రక్కన నిలిచి దారి యడుగు ఆ బాలుని, ఆ బాలికను చూచి మనము నవ్వజాలము. పార్వతీశమును గూర్చి పరిశోధించువారు ఈ విషయమును గమనింతురుగాక. ఎరుగనివాడు అడుగుట తప్పు కాదని తెలుగు పాఠకునికి నవ్వించి చెప్పిన నవల యిది. దానిని పల్లెటూరివాని యపహాస్యముగా బోధించుట గ్రంథమునకే గాక, తొలిసారి యూరు దాటిన మన పెద్దలకును అన్యాయము.