పిడికిలి బిగిస్తే విచ్చుకునే పట్టకారు

పిడికిలి బిగిస్తే నోరు మూయడం పట్టకారు లక్షణం. కంసాలి చేతిలోని సన్న పట్టకారు మొదలుకొని కరెంటు పనివాడి కటింగ్ ప్లయర్ దాకా అన్నిటిదీ అదే తీరు. మా ఇంట్లో పనిముట్ల పెట్టెలో ఒక్కటి మాత్రం ఎదురు తిరిగింది. పిడులు నొక్కితే దాని ముక్కు తెరుచుకుంటుంది. కొత్తగా చేతిలోకి తీసుకున్నవాళ్లు రెండుసార్లు నొక్కి, "ఇదేంటి, తిరకాసుగా ఉంది?" అని నా మొహం చూస్తారు. ముక్కు చివర తీగను కోసే అంచు లేదు, నట్టును పట్టే పళ్లు లేవు. ఉన్నవల్లా రెండు గుండ్రటి మొనలు. ఒక్కొక్కటి 1.8 మిల్లీమీటర్ల మందం, అంటే అగ్గిపుల్లంత కూడా లేదు. దీని పేరు సర్క్లిప్ ప్లయర్.

ప్లయర్ సంగతి తెలియాలంటే ముందు సర్క్లిప్ సంగతి తెలియాలి. ఎద్దుబండి చక్రం ఇరుసు మీంచి జారిపోకుండా చివర కడచీల కొడతారు చూడండి, సర్క్లిప్ ఆ కడచీలకు మనవడు. షాఫ్టు మీద బేరింగో పళ్లచక్రమో కూర్చోబెట్టాక అది పక్కకు జరగకూడదు. నట్టు వేయాలంటే మరలు కోయాలి, చోటు కావాలి, అదురుకు వదులు కాకుండా చూసుకోవాలి. అందుకని షాఫ్టు చుట్టూ సన్నటి గాడి తీసి, అందులో స్ప్రింగు స్టీలు రింగు ఒకటి ఎక్కిస్తారు. రింగు పూర్తిగా మూసుకోదు, ఒకచోట నోరు తెరిచి ఉంటుంది. ఆ నోటికి అటొకటి ఇటొకటి చెవులు, చెవికో బెజ్జం. మెకానిక్ షెడ్లలో దీన్ని లాకు అంటారు. పని చూస్తే ఆ పేరే సరైనదనిపిస్తుంది.

గాడి ఎంత లోతుంటుందో చెబితే చాలామంది నమ్మరు. 20 మిల్లీమీటర్ల షాఫ్టుకు గాడి దగ్గర మందం 19. అంటే చుట్టూ అర మిల్లీమీటరు గట్టు. మోటారు తిరుగుతున్నంతకాలం బేరింగును పక్కకు పోనివ్వకుండా ఆపేది ఆ అర మిల్లీమీటరే. ఆ గాడిలో కూర్చునే రింగు మందం 1.2, గాడి వెడల్పు 1.3. కొలతలన్నీ జర్మనీ ప్రమాణాల్లో షాఫ్టు రింగులకు డిన్ 471గా, రంధ్రం లోపల వేసే రింగులకు డిన్ 472గా రాసి ఉన్నాయి. మన దేశపు ప్రమాణం ఐఎస్ 3075. విజయవాడ ఆటోనగర్‌లో కొన్న రింగు జర్మనీ గేర్‌బాక్సులో సరిపోతుందంటే ఈ కాగితాల పుణ్యమే.

రింగు ఆకారాన్ని కాస్త వెలుగులో పెట్టి చూడండి. నోటికి ఎదురుగా, నడుం దగ్గర వెడల్పు ఎక్కువ. అక్కణ్నుంచి చెవుల వైపు పోయేకొద్దీ సన్నబడుతుంది. ఇది అందానికి చేసింది కాదు. చెవులు పట్టి వంచినప్పుడు ఎక్కువ బరువు పడేది నడుం మీద. అంతటా ఒకే వెడల్పు ఉంటే రింగు నడుం దగ్గరే ఎక్కువగా వంగి కోడిగుడ్డు ఆకారానికి పోతుంది, గాడిలో కొన్నిచోట్ల ఆని కొన్నిచోట్ల తేలుతుంది. ఇలా సన్నబరిస్తే వంపు అంతటా సమంగా పంచుకుని, సాగదీసినా కుదించినా గుండ్రంగానే ఉంటుంది. అమెరికాలో ఈ రింగులకు ట్రూఆర్క్ అని పేరు పెట్టింది ఇందుకే.

ఆ ట్రూఆర్క్ రింగులు చేసిన కంపెనీ పేరు వాల్డెస్ కోహినూర్. మొదట చూసినప్పుడు నాకూ నవ్వొచ్చింది, మన పల్నాటి కొల్లూరు గనిలో దొరికిందని చెప్పుకునే వజ్రానికీ గేర్‌బాక్సు లాకుకూ ఏం సంబంధమని. కథ ప్రాగ్ నగరంలో మొదలవుతుంది. అక్కడ యిండ్రిహ్ వాల్డెస్ 1902లో పెట్టిన కంపెనీ బట్టలకు వేసే ప్రెస్ బటన్లతో పేరు తెచ్చుకుంది. ఆ బటన్ల మార్కు కోహినూర్. ఆయన యూదుడు. 1939లో నాజీలు పట్టుకుపోయి క్యాంపుల్లో పెట్టారు, కుటుంబం పెద్ద మొత్తం కట్టి విడిపించుకుంది, కానీ అమెరికా చేరకముందే 1941లో హవానాలోనే ప్రాణం పోయింది. న్యూయార్క్‌లో అదే పేరుతో నడిచిన కంపెనీ లాకు రింగులతో పాటు వాటికి తగిన ప్లయర్లు కూడా చేసింది. టక్కుమని పట్టి, అవసరమైనప్పుడు వదలాలి. ప్రెస్ బటన్‌కూ సర్క్లిప్‌కూ కావలసిన గుణం అదే, కాబట్టి దారి మరీ తప్పలేదు.

ఇప్పుడు ప్లయర్ దగ్గరికి వద్దాం. 6204 బేరింగు తీసుకోండి, పంపుల్లో, మోటార్లలో బాగా కనిపించే రకం. బయటి కొలత 47 మిల్లీమీటర్లు. దాన్ని రంధ్రంలో ఆపే లాకు కూర్చునే గాడి వ్యాసం 49.5. రింగు బయటికి రావాలంటే 49.5 నుంచి 47కు కుదించుకోవాలి. రెండున్నర మిల్లీమీటర్లే కదా అనిపిస్తుంది. కానీ వ్యాసం రెండున్నర తగ్గాలంటే చుట్టుకొలత దాదాపు 8 మిల్లీమీటర్లు తగ్గాలి, ఆ ఎనిమిదీ నోటి దగ్గరే మూసుకోవాలి. 1.75 మిల్లీమీటర్ల మందం స్ప్రింగు స్టీలును అంత దూరం నొక్కి, నొక్కినదాన్ని కదలకుండా ఆపి, అలా ఆపినదాన్ని రంధ్రం లోంచి పైకి లాగాలి. మూడు పనులూ ఒక్క చేత్తో. అంత బలమూ పోయేది ఆ రెండు సన్న మొనల మీదుగా.

నన్ను ఈ పనిముట్టు దగ్గర నిలబెట్టేది ఇదే. ఇది పట్టకారు జాతిలో పుట్టి దేన్నీ పట్టదు. రింగును కరవదు, గీరదు. చెవిలో మొన పెట్టి పక్కకు తోస్తుంది, అంతే. పిల్లాణ్ని చెవి పట్టుకుని బడికి తీసుకెళ్లినట్టు.

రంధ్రం లోపలి రింగుకు చెవులు దగ్గరకు రావాలి, షాఫ్టు మీది రింగుకు దూరం పోవాలి. అందుకే ప్లయర్లు రెండు జాతులు. లోపలి రకంలో రెండు చేతులూ మామూలు ప్లయర్‌లాగే ఇరుసు దగ్గర ఒకదాన్నొకటి దాటతాయి కాబట్టి నొక్కితే ముక్కు మూసుకుంటుంది. బయటి రకంలో ఆ దాటడం ఉండదు, ఏ వైపు పిడి ఆ వైపు ముక్కే, కాబట్టి నొక్కితే తెరుచుకుంటుంది. మొదట్లో నేను చెప్పిన తిరకాసు అదే. పిడుల మధ్య చిన్న స్ప్రింగు ఉండి, చెయ్యి వదలగానే మళ్లీ మొదటికి తెస్తుంది. రెండింటిలోనూ మనిషి చేసే పని ఒకటే, నొక్కడం. చేతి వేళ్లకు విప్పే బలం తక్కువ, బిగించే బలం ఎక్కువ. ఆ సంగతి తెలిసినవాడే దీన్ని గీశాడు.

నా మొదటి ప్లయర్ ఇలాంటిది కాదు. నాలుగు జతల ముక్కులు మార్చుకునే సెట్టు ఒకటి ఫుట్‌పాత్ మీద కొన్నాను. ఒక్కదానితో అన్ని పనులూ అయిపోతాయని ఆశ. పెరట్లో పంపు బేరింగు మార్చడానికి కూర్చుని, మొనలు చెవుల్లో పెట్టి నొక్కుతూ పోయాను. ముక్కు బిగించిన స్క్రూ దగ్గర ఆటుంది, ఒక మొన వాలింది, రింగు టింగుమని ఎగిరి నా చెవి పక్కనుంచి పోయింది. కళ్లద్దాలు లేవు. ఆ రోజు అదృష్టం నా వైపుంది. రింగు మూడో రోజు తులసికోట మట్టిలో దొరికింది, మా ఆవిడ నీళ్లు పోస్తుంటే. అప్పటి నుంచి ఈ పనికి కళ్లద్దాలు లేకుండా కూర్చోను.

మంచి ప్లయర్ కొన్నాక తేడా ఎక్కడుందో వెతుక్కున్నాను. చవకరకాల్లో మొనను ముక్కు ఉక్కులోంచే చెక్కి సన్నబరుస్తారు. లావుపాటి ముక్కు ఒక్కసారిగా సన్న మొనగా మారే చోట మెట్టు పడుతుంది, విరగడమంటూ జరిగితే అక్కడే విరుగుతుంది. చెరుకుగడ కణుపు దగ్గర పుటుక్కుమన్నట్టు. జర్మనీలో వుప్పర్టాల్ పట్టణం దగ్గర 1882లో మొదలైన క్నిపెక్స్ వాళ్లు మరో దారి పట్టారు. ఒళ్లంతా క్రోమ్ వెనేడియం ఉక్కుతో కొలిమిలో కొట్టి చేసి, మొనలను మాత్రం సాగదీసిన స్ప్రింగు ఉక్కు తీగ ముక్కలతో చేసి ముక్కులో దిగగొడతారు. తీగ సాగినప్పుడు లోహం నారలన్నీ పొడుగ్గా ఒకే వరసలో వస్తాయి, మెట్టు లేదు, వంగినా అంత తేలిగ్గా తెగదు. ముక్కుకో ఉక్కు, మొనకో ఉక్కు. కొడవలికి చెక్కపిడి పెట్టినంత సహజమైన ఆలోచన.

మొనలను ఇంకాస్త దగ్గరగా చూస్తే అవి నిటారుగా లేవని తెలుస్తుంది. కంటికి ఆననంత వాలు ఉంది. చెయ్యి బిగిసేకొద్దీ రింగు మొన చివరికి జారే బదులు ముక్కు భుజం వైపు నెట్టుకుని కూర్చునేలా ఆ వాలు పెట్టారు. ఎగిరిపోయే రింగుకు ముందే వేసిన సంకెల అది. బయటి రకం కొన్నిటిలో ఇంకొక చిన్న స్క్రూ ఉంటుంది, ముక్కు ఎంతవరకు తెరుచుకోవాలో హద్దు పెట్టడానికి. 20 మిల్లీమీటర్ల షాఫ్టు దాటించడానికి రింగు ఎంత తెరవాలో అంతే తెరవాలి. ఉత్సాహం కొద్దీ ఇంకా సాగదీస్తే స్ప్రింగు ఉక్కు కూడా అలిగి వెనక్కి రాదు, గాడిలో లొడలొడలాడుతుంది. అలాంటి లాకు పైకి బాగానే కనిపిస్తుంది, అందుకే ప్రమాదం. నేను చూసినంతలో ఈ హద్దు స్క్రూను సరిచేసుకునే మెకానిక్కులు చాలా తక్కువ. చెయ్యి చెప్పినట్టే వింటారు, వాళ్ల చేతికి ఆ కొలత వచ్చేసింది.

అలాంటి చెయ్యిని ఆటోనగర్‌లో ఒక షెడ్డులో దగ్గరగా చూశాను. కారు ముందు చక్రం హబ్ బేరింగు ఊళపెడుతోందని తీసుకెళ్తే, మేస్త్రి హబ్బును ప్రెస్సు మీద దింపేసి, బేరింగు కూర్చుని ఉన్న నకిల్‌ను వైసులో బిగించాడు. రంధ్రం లోపల లాకు తుప్పు పట్టి గోడతో ఏకమైపోయింది. చేతికింద కుర్రాడు ప్లయర్ అందుకోబోతే, "ఆగరా, అప్పుడే ఏం తొందర" అన్నాడు. ముందు వైరు బ్రష్షు. తరవాత చెవుల బెజ్జాల్లో మట్టి. పాత సైకిల్ స్పోకు ముక్కొకటి జేబులోంచి తీసి దాంతో బెజ్జాలు రెండూ గుచ్చి శుభ్రం చేశాడు. నూనె వేసి టీ తాగొచ్చాడు. వచ్చాక రింగు చుట్టూ సుత్తితో చిన్నచిన్న దెబ్బలు వేశాడు, పగలగొట్టడానికి కాదు, తుప్పు పట్టు వదలడానికి. "ఇప్పుడివ్వు" అని మూడో నంబరు ప్లయర్ అందుకున్నాడు. 40 నుంచి 100 మిల్లీమీటర్ల రంధ్రాలకు పనికొచ్చేది అది, మొనలు 2.3 మందం.

మొనలు చెవుల్లో దిగాయి. పిడులు నెమ్మదిగా దగ్గరకొచ్చాయి. రింగు కదిలింది కానీ పైకి రాలేదు. లాగలేదతను. అలాగే పట్టి ఉంచి, రింగును గాడిలోనే ఎడమకు కొంత, కుడికి కొంత తిప్పాడు. ఎర్రటి పొడి రాలింది. రెండోసారి నొక్కినప్పుడు మణికట్టు కాస్త వాల్చి, ఒక చెవిని ముందు గాడి దాటించాడు. మిగతా రింగు దాని వెంట వచ్చేసింది. ఎడమ అరచెయ్యి మొదట్నుంచీ రంధ్రం మీద గొడుగులా అడ్డం ఉంది.

కొత్త బేరింగు దిగాక కొత్త లాకు పొట్లం విప్పాడు. రింగు రెండు ముఖాల మీదా బొటనవేలి గోరు గీసి చూశాడు. అచ్చులో పోటు పెట్టి కోసిన రింగుకు ఒక అంచు మొద్దుగా గుండ్రంగా, రెండోది వాడిగా వస్తుంది. మొద్దు ముఖం బేరింగు వైపు, వాడి ముఖం గాడి గోడ వైపు ఉండాలి, అప్పుడే బరువు పడితే అంచు గోడను కరిచి నిలుస్తుంది. "ఇదెందుకు సార్ అందరూ చూడరు?" అని కుర్రాడు నన్నడిగాడు. నేను మేస్త్రి వంక చూశాను. ఆయన వినిపించుకోలేదు.

రింగు నొక్కి లోపలికి దింపి చెయ్యి వదిలాడు. టక్. ఆ చప్పుడు విన్నా ఆయన ప్లయర్ తీయలేదు. మొనలు చెవుల్లోనే ఉంచి, నొక్కకుండా, రింగును గాడిలో సగం చుట్టు తిప్పాడు. ఎక్కడా తట్టకుండా తిరిగింది. అప్పుడు ప్లయర్ మొనలు వేస్టు గుడ్డతో తుడిచి, కుర్రాడి చేతికిచ్చి, "నువ్వు తిప్పి చూడు" అన్నాడు.