యంత్రం ముట్టని ముడి

దిల్‌సుఖ్‌నగర్, కొత్తపేట దుకాణాల్లో పోచంపల్లి చీర అని మీ ముందు పరిస్తే, ముందు దాన్ని తిరగేసి చూడండి. అచ్చు వేసిందైతే వెనక రంగు వెలవెలబోతుంది. చిటికి కట్టి, అంటే దారాన్ని అక్కడక్కడ కట్టి రంగులో ముంచి, నేసిందైతే రెండు వైపులా ఒకటే కళ, ఎందుకంటే నేయకముందే రంగు దారానికి పట్టింది. బొమ్మల అంచులు కాస్త పాకినట్టుంటాయి. మగ్గం మీద దారం వెంట్రుకవాసి జరిగిన గుర్తు అది. చీర మొత్తంలో నాకు ఆ అంచే ఇష్టం.

ఎల్బీనగర్ దాటి విజయవాడ రోడ్డు పడితే పోచంపల్లి, కొయ్యలగూడెం, పుట్టపాక అన్నీ ఆ వైపు ఊళ్లే. అక్కడ చిటికికి ముందు ఆసు పోయాలి. ఒక కొసన మేకు, ఎదురుగా అర్ధచంద్రాకారంలో వరసగా మేకులు. చీర పన్నాకు సరిపడా దూరంలో దారాన్ని ఇటునుంచి అటు, అటునుంచి ఇటు తిప్పుతూ పోవాలి. ఒక చీరకు చెయ్యి దాదాపు 9,000 సార్లు ఆడాలి. ఈ పని ఎక్కువగా ఆడవాళ్లదే. భుజాలు పడిపోయేవి.

ఆలేరు దగ్గర శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం అమ్మ లక్ష్మి గారి భుజం నొప్పి చూస్తూ పెరిగారు. బడి చదువు మధ్యలోనే ఆగింది. 1992లో ఆసు పోసే యంత్రం మొదలుపెట్టి, ఒక్కో కదలికనూ విడిగా సాధించుకుంటూ వచ్చారు. చివరిది ఎంతకీ తెగలేదు. హైదరాబాద్‌లో కరెంటు పనులు చేసుకుంటుండగా బాలానగర్‌లో ఒక యంత్రం నడక చూసి దాన్నీ పట్టుకున్నారు. 1999కి ‘లక్ష్మీ ఆసు’ సిద్ధమైంది. గంటల తరబడి సాగే పని గంటన్నరకు వచ్చింది. 2017లో పద్మశ్రీ.

ఆయన యంత్రం చేసినదాన్ని అందరూ మెచ్చుకుంటారు. నేను మెచ్చుకునేది అది ముట్టుకోనిదాన్ని కూడా. ఆసు మీంచి దిగిన దారాల మీద బొమ్మ గుర్తులు పెట్టడం, రబ్బరు పట్టీలతో బిగించి కట్టడం, రంగులో ముంచడం, విప్పి ఇంకో చోట మళ్లీ కట్టడం ఇంకా చేతిదే. కట్టిన చోట రంగు దిగదు. ఎక్కడ కట్టాలో తేల్చేటప్పుడే చీర మొత్తం కళ్లముందు ఉండాలి, ఒకసారి ముంచాక దిద్దుకోవడం కుదరదు. ఆసులో ఒళ్లు నలగడమే ఉంది. చిటికిలో ఆలోచన ఉంది. ఆ రెంటినీ వేరుచేయడానికి పనిని లోపలినుంచి ఎరిగి ఉండాలి. బయటినుంచి వచ్చిన ఇంజనీరైతే ఈ గీత ఇంత కచ్చితంగా గీసేవాడని నేననుకోను.

కొత్త సాఫ్ట్‌వేర్లు నేర్చుకోవడానికి దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లలో దిగే జిల్లాల పిల్లలు ఒకసారి ఎల్బీనగర్‌లో బస్సెక్కి పుట్టపాక వెళ్లాలని నా కోరిక. అక్కడ నేసే తేలియా రుమాలులో పడుగూ పేకా రెండూ కట్టి అద్దినవే. పోగు పోగుకీ నేతగాడు పేకను వేలితో ఇటో అటో సర్ది, ఎరుపు ఎరుపు మీద, నలుపు నలుపు మీద పడేలా చూసుకుంటాడు. ఆ సర్దుబాటుకు ఇప్పటికీ వేలే కావాలి.